పిలుపు ఒకరిది, మోత ఇంకొందరిది

టంగుటూరి ప్రకాశం మాట వస్తే అందరూ 1928 దగ్గర మొదలుపెడతారు. సైమన్ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో జనం రోడ్డెక్కిన రోజు తుపాకుల ముందు రొమ్ము విరిచి నిలబడిన మనిషిగా ఆయన్ను గుర్తుపెట్టుకున్నాం. అంతకు నలభై అయిదేళ్ల ముందు ఒంగోలులో జరిగింది తలుచుకునేవాళ్లు తక్కువ. వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన ప్రకాశానికి పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని సాకడానికి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపారు. ఆ రోజుల్లో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీ డబ్బు తీసుకుని పరాయివాళ్లకు వండి పెట్టడమంటే అయినవాళ్లలో తలవంపులు. ఆ తలవంపులు ఓర్చుకుని సంపాదించిన డబ్బుతోనే పిల్లవాడి చదువు సాగింది. తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు అతన్ని చేరదీసి, తాను రాజమండ్రి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి చదివించారు. ప్రకాశం బారిస్టరై మద్రాసులో లక్షలు గడించడం, 1921లో ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య ఉద్యమంలోకి దిగడం, ఆస్తంతా పత్రికకూ ఉద్యమానికీ ధారపోయడం ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఈ పని కోసమే పుట్టాను, ఇది చెయ్యకపోతే బతికినట్టు ఉండదు అని మనిషికి లోపల గట్టిగా అనిపిస్తుంది. దాన్నే ఇక్కడ పిలుపు అంటున్నాం. దేవుడు పిలిచాడని కొందరు చెబుతారు, దేశం పిలిచిందని కొందరు, కళ పిలిచిందని ఇంకొందరు. ఎవరు పిలిచినా, మన కళ్లన్నీ ఆ పిలుపు విన్న మనిషి మీదే ఉంటాయి. అతను పలకగలగడానికి పొయ్యి ముందు కూర్చున్నది ఎవరు, అప్పు తెచ్చింది ఎవరు, పరువు వదులుకున్నది ఎవరు అని అడగం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల చరిత్రలో తిరిగి చూస్తే, ఈ లెక్క తియ్యకుండా పిలుపు గురించి మాట్లాడటం అన్యాయమనిపిస్తుంది. వినడం ఒక్కరే చెయ్యగలరు. విన్నదాన్ని ఒంటరిగా బతికినవాళ్లు మాత్రం ఈ రెండు జిల్లాల కథల్లో ఎంత వెతికినా దొరకరు.

మనస్తత్వ శాస్త్రంలో దీనిమీద చాలా పరిశోధన జరిగింది. మనుషులు తమ పనిని మూడు రకాలుగా చూస్తారని అమెరికన్ పరిశోధకురాలు ఎమీ రెజ్నెస్కీ, ఆమె సహచరులు 1997లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. కొందరికి అది జీతం కోసం చేసే ఉద్యోగం. కొందరికి పైకి ఎక్కే మెట్లు. కొందరికి అదే జీవితం. ఆశ్చర్యం ఏమిటంటే, ఒకే చోట ఒకే రకం ఆఫీసు పని చేస్తున్న 24 మందిని అడిగితే వాళ్లు దాదాపు సమానంగా ఈ మూడు వైపులకూ చీలిపోయారు. అంటే పిలుపు పని హోదాలో ఉండదు. డాక్టరుకు ఉండి గుమాస్తాకు ఉండకూడదని రూలేమీ లేదు. ఆ తర్వాత రయన్ డఫీ, ఆయన బృందం ఇంకో విషయాన్ని విడదీసి చూపించారు. పిలుపు ఉందని అనిపించడం ఒకటి, దాని ప్రకారం బతకగలగడం వేరొకటి. అనిపించడంలో డబ్బున్నవాళ్లకూ లేనివాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. బతకగలగడంలో మాత్రం చదువూ, ఆదాయమూ ఎక్కువ ఉన్నవాళ్లదే పైచేయి. విని కూడా ఆ దారిన పోలేకపోయినవాళ్లకు ఆ వినడం వల్ల సంతృప్తి అంతగా రాదు, చాలాసార్లు బాధే మిగులుతుంది. ఈ పరిశోధనలు అమెరికావి. కానీ నెల్లూరులో ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట ఇంకో రకంగా చెబుతారు: "వాడికి ఇష్టమే, మాకు స్తోమత ఉండొద్దా?"

అసలు పిలుపు ఎలా వినిపిస్తుంది? ఏదో ఒక రాత్రి గొంతు వినబడుతుందని, కల వస్తుందని చెప్పే కథలే జనంలో తిరుగుతాయి. నెల్లూరుకు అలాంటి గొప్ప కల ఒకటి ఉంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన, తన కలలోకి తండ్రి కొమ్మన వచ్చి హరిహరనాథుడి మాట అందించాడని, ఆ తర్వాత హరిహరనాథుడే కనిపించి భారతాన్ని తనకు అంకితం ఇమ్మన్నాడని విరాటపర్వం మొదట్లో చెప్పుకున్నాడు. ఆ అవతారికను జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. భారతం తెలుగు చెయ్యాలన్న సంకల్పం కలకన్నా ముందే ఉంది. రాజుకివ్వాలా, దేవుడికివ్వాలా, ఈ పని ఎవరి కోసం అన్న ప్రశ్న దగ్గరే కల వచ్చింది. చాలామంది అనుభవంలోనూ ఇదే వరస. పని ముందు పట్టుకుంటుంది. దానికి అర్థం తర్వాత దొరుకుతుంది. అర్థం దొరికిన రోజునే మొదటి రోజుగా గుర్తుపెట్టుకుంటారు.

నెల్లూరులో పెరిగిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగతీ ఇలాంటిదే. తండ్రి సాంబమూర్తి హరికథకులు. ఇంట్లో పాట ఉంది. అయినా చదివింది ఇంజనీరింగ్. పాటల పోటీలో ఆయన గొంతు విన్న సంగీత దర్శకుడు కోదండపాణి పిలిచి అవకాశం ఇస్తేగానీ 1966లో సినిమా పాట పాడలేదు. చిన్నప్పుడే తెలిసిపోవాలి, తెలియకపోతే నీకు పిలుపు లేనట్టే అని పిల్లల్ని బెదరగొట్టడం ఎంత తప్పో దీన్నిబట్టి చూడొచ్చు.

పిలుపు ఒక మనిషికే వినిపించాలన్న నియమం కూడా లేదు. ఈ మాట నమ్మాలంటే దూబగుంట చూడాలి. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో పలకా బలపం పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఒకటుంది. మొగుడు కూలి డబ్బులన్నీ సారాకు తగలేస్తుంటే ఇల్లు ఏమైపోతుందో చెప్పే పాఠం అది. అప్పటికి ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేరుస్తోంది. తాగునీళ్లు చేరని ఊళ్లకు కూడా ప్యాకెట్లు చేరాయి. అక్షరాలు కూడబలుక్కుంటూ పాఠం చదువుతున్న ఆడవాళ్లకు అది పాఠంలా కనబడలేదు. తమ ఇంటి సంగతే అచ్చులో కనబడింది.

కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు గుంపుగా వెళ్లి సారా దుకాణం మూయించారు. ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచారు. ఆ తర్వాత జరిగిందే అసలు విశేషం. అక్షరాస్యత కార్యకర్తలు ఈ సంగతినే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా రాసి తర్వాతి వాచకంలో చేర్చారు. వేరే ఊళ్ల ఆడవాళ్లు రాత్రి బడిలో అది చదివారు. వాళ్లూ చీపుళ్లు పట్టుకుని బయల్దేరారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పెట్టాలని చూస్తే ఆడవాళ్లు అడ్డుకున్నారు. వాయిదా వేశారు, మళ్లీ అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యాన్నంతా నిషేధించింది.

ఇందులో ఏ ఒక్క ఆడమనిషీ సంఘ సంస్కర్త కావాలని ముందుగా అనుకోలేదు. చదువుకుందామని వచ్చారు. చదువు వాళ్ల చేతిలో ఒక పని పెట్టింది. ఎవరి పిలుపు ఇది? పాఠం రాసినవాళ్లదా, చదివినవాళ్లదా, ముందు నడిచిన రోశమ్మదా? విడదీసి చెప్పలేం, చెప్పాల్సిన అవసరమూ లేదు. పిలుపు ఊరి నోటి నుంచి ఊరి చెవికి చేరింది. దాన్ని బతకడం కూడా పదిమంది కలిసి చేశారు కాబట్టే సాధ్యమైంది. ఒక్క ఆడమనిషి దుకాణం ముందు నిలబడితే ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు తప్పవు. ఊరంతా నిలబడితే కొట్టే చెయ్యి ఆలోచిస్తుంది. కూలి పోయిన రోజున పక్కింటావిడ పిడికెడు బియ్యం పెడుతుంది. కాపుసారా కాసేవాళ్ల నుంచీ, కాంట్రాక్టర్ల మనుషుల నుంచీ వచ్చే బెదిరింపును ఒకరి తలుపు కాకుండా అందరి తలుపులూ పంచుకుంటాయి.

ఆ కథ తర్వాతి భాగం అంత బాగుండదు. సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. రాత్రి బడులు మూతపడ్డాయి. రోశమ్మ 2016లో చనిపోయారు. ఉద్యమానికి ఆమె పేరు పెట్టుకున్నాం, పాఠ్యపుస్తకాల్లో ఎక్కించుకున్నాం. కానీ ఆడవాళ్లు రోజూ రాత్రి కూర్చుని మాట్లాడుకునే ఆ చోటును నిలుపుకోలేదు. పిలుపును మోసింది ఆ చోటే. అది పోయాక మిగిలింది జ్ఞాపకం.

ఒంగోలు ప్రాంతంలో ఇంకా పాత కథ ఒకటి ఉంది. ఇది దేవుడి పిలుపు గురించి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలులో పని మొదలుపెట్టారు. కానీ ఈ కథను ఆయనతో మొదలుపెట్టడం కన్నా తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్యతో మొదలుపెట్టడం న్యాయం. మాదిగ కులంలో పుట్టిన పేరయ్యది తోళ్ల వ్యాపారం. దేవుణ్ణి వెతుక్కుంటూ అంతకు ముందే యోగ మార్గంలో నడిచినవాడు. వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ క్రైస్తవ బోధ విన్నాడు. ఒంగోలులో దొర వచ్చాడని తెలిసి తనే వెళ్లి కలిశాడు. అప్పటికే తనవాళ్లకు తను విన్నది చెప్పి ఒక గుంపును సిద్ధం చేసుకున్నాడు. మిషనరీ పిలిస్తే వచ్చినవాడు కాదు. మిషనరీని తన ఊరికి పిలిచినవాడు.

ఇక్కడే చిక్కు వచ్చింది. క్లఫ్ నడిపే బడిలో అప్పటికి పైకులాల పిల్లలు చదువుకుంటున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని వాళ్లు తేల్చి చెప్పారు. పైకులాలవాళ్లు ముందు వస్తే మిగతావాళ్లు వెనకే వస్తారన్నది మిషన్లలో చాలామంది లెక్క. ఏం చెయ్యాలో తోచక క్లఫ్, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారని, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని క్లఫ్ తర్వాత చెప్పుకున్నారు. లోకం లెక్కలో తెలివైనవాళ్లు, గొప్ప వంశాలవాళ్లు పిలుపు అందుకున్నవాళ్లలో ఎక్కువమంది లేరని చెప్పే వాక్యాలు అవి. పైకులాల పిల్లలు వెళ్లిపోయారు. మాదిగపల్లెలు వచ్చాయి. యాదృచ్ఛికమా దైవికమా అన్నది ఎవరి నమ్మకం వారిది. ఆ నిర్ణయంతో పిలుపు అందుకునే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్న ఒంగోలు గడ్డమీద కొత్తగా తేలిందన్నది మాత్రం నిజం.

1876 నుంచి 78 వరకు వచ్చిన కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది క్లఫ్ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చారు. చరిత్ర పుస్తకాల్లో 2,222 అనే అంకె నిలిచింది, క్లఫ్ పేరు నిలిచింది, ఒంగోలులో ఆయన పేరు మీద సంస్థలు నిలిచాయి. నీళ్లలో నిలబడిన ఆ ఆరుగురి పేర్లు ఎంతమందికి తెలుసు? ఎర్రటి ఎండలో పల్లె నుంచి పల్లెకు కాలినడకన తిరిగిన బోధకుల్ని పోషించింది ఆ పల్లెలే. తమకే గంజి లేని ఇళ్లు బోధకుడికి ఒక పూట కూడు పెట్టాయి.

పిలుపు గురించి మాట్లాడుతూ కులాన్ని తప్పించుకుపోవడం మన నేల మీద కుదరదు. స్వధర్మం మాటను భగవద్గీత ఎంత లోతుగా చెప్పినా, ఊళ్లలో దాన్ని వాడుకున్న తీరు వేరు. నీ తాత చేసిన పనే నీ పని, అదే నీకు రాసిపెట్టి ఉంది అని చెప్పడానికే ఎక్కువగా వాడారు. చెప్పులు కుట్టేవాడికి కుట్టడం, పాకీ పని చేసేవాడికి ఆ పని దైవ నిర్ణయమని నేర్పించారు. కాదనే హక్కు లేనిచోట వినిపించేది ఆజ్ఞ. పేరయ్య గొప్పతనం ఇక్కడే ఉంది. తోళ్ల వ్యాపారం చేస్తూనే తన పిలుపు తోళ్లలో లేదని అనుకోగలిగాడు.

అలాగని తాతల పనిలో పిలుపు ఉండనే ఉండదని కాదు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే కుటుంబాల్ని చూస్తే ఆ మాట అనలేం. చుట్టుపక్కల కొండల్లో దొరికే కర్రతో, సన్నటి నగిషీతో చేసే ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆడవాళ్లు ఇంటిపని మధ్య కూర్చుని చెక్కుతారు. ప్రేమ ఉంటేగానీ ఆ నగిషీ రాదు. కానీ కూతుర్ని ఇదే పనిలో పెడతారా అని అడిగితే వచ్చే జవాబు ప్రేమకు సంబంధించింది కాదు, చెంచాకు దక్కే ధరకు సంబంధించింది.

డబ్బున్న ఇళ్లలో మోత ఇంకో రకం. 1892లో మినగల్లులో పుట్టిన పొణకా కనకమ్మకు చిన్నతనంలోనే పెళ్లయింది. బడి లేదు. పోట్లపూడి మెట్టినింట్లో తనంతట తాను చదువుకున్నారు, గ్రంథాలయం పెట్టించారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమానికి ఆమె అండగా నిలిచారు. ఆడపిల్లల కోసం నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. తనకు దక్కని బడిని వేరేవాళ్ల కూతుళ్లకు కట్టించడం ఆమె జీవితమైంది. ఆస్తి కరిగిపోయింది, కూతురు తన కళ్ల ముందే చనిపోయింది, ఆమె పని ఆగలేదు. సంపన్నుల ఇంటి కోడలికి ఆస్తి ఉండబట్టే ఇవన్నీ చేశారని అనేవాళ్లు ఉంటారు. నిజమే. కానీ అంత ఆస్తి ఉన్న ఇళ్లు ఆ రోజుల్లో జిల్లాలో చాలానే ఉన్నాయి.

అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య దారి ఇంకా కఠినం. చదువు మధ్యలో వదిలేసి 1930లో సత్యాగ్రహంలోకి దిగిన కుర్రవాడు తర్వాత కమ్యూనిస్టు అయ్యాడు, కులాన్ని చెప్పే 'రెడ్డి'ని పేరులోంచి తీసేశాడు, వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశాడు. ఉద్యమానికి అడ్డం కాకూడదని ఆయనా, భార్య లీలా పిల్లలు వద్దనుకున్నారు. ఈ విషయాన్ని ఆయన త్యాగంగానే చెప్పుకుంటారు. ఆ నిర్ణయంలో సగం లీలది. ఆ సగాన్ని మన ఉపన్యాసాలు ఎప్పుడూ సగంగా లెక్కపెట్టలేదు.

పొట్టి శ్రీరాములు విషయంలో జనం జ్ఞాపకం ఇంకా పక్షపాతం చూపింది. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహార దీక్ష, డిసెంబరు 15న మరణం, ఈ 58 రోజులే అందరికీ తెలుసు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టింది కూడా ఆ 58 రోజుల్ని చూసే. కానీ ఆయన పిలుపు చాలా ముందే మొదలైంది. బొంబాయిలో రైల్వే ఉద్యోగం చేస్తున్న మనిషి, భార్యనూ బిడ్డనూ పోగొట్టుకుని సబర్మతికి వెళ్లిపోయాడు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని దీక్ష చేశాడు. తర్వాత కూడా నెల్లూరు వీధుల్లో దళితుల కోసం నినాదాలు రాసిన అట్టలు తగిలించుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా, ఎండలో గొడుగు లేకుండా తిరిగేవాడు. పిచ్చివాడన్నారు. సొంత కులపెద్దలు మందలించారు. రాష్ట్రం కోసం చనిపోయిన మనిషిని నెత్తిన పెట్టుకున్న ఊరు, దళితుల కోసం చెప్పుల్లేకుండా తిరిగిన మనిషిని బతికి ఉండగా ఒంటరిని చేసింది. పిలుపు మనకు నచ్చినదైతే త్యాగం అంటాం, నచ్చనిదైతే పిచ్చి అంటాం. మనిషి ఒక్కడే, రెండు చోట్లా పట్టుదలా ఒక్కటే.

వీళ్లంతా అన్నీ వదిలేసి వెళ్లినవాళ్లు. అన్నీ వదలకుండా కూడా పిలుపును బతకొచ్చు, చాలామంది అలాగే బతుకుతారు. తిక్కన మంత్రి పదవి చేస్తూనే విరాటపర్వం నుంచి స్వర్గారోహణం వరకు పదిహేను పర్వాలు రాశాడు. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి మెప్పించి సాయం తెచ్చినవాడూ ఆయనే. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, పగలు ఫుల్ టైమ్ ఉద్యోగం, ఆపైన భారతం. తర్వాతి శతాబ్దంలో ఎర్రన చేసింది ఇంకా అరుదైన పని. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. మిగిలిన భాగాన్ని ఎర్రన నన్నయ శైలిలోకి ఒదిగిపోయి పూర్తిచేసి, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. వేరొకరు వదిలిపోయిన పనిని, వేరొకరి పేరు మీద ముగించడం కూడా ఒక మనిషికి పిలుపు కాగలదని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ తెలుగులో కనబడదు.

ఇప్పుడు నెల్లూరులోనో, ఒంగోలులోనో పదో తరగతి పాసైన పిల్లల సంగతికి వద్దాం. పదిహేనేళ్లకు ఎంపీసీనా బైపీసీనా అని అడుగుతారు. పిలుపు వినే వయసు ఇదేనని ఎవరూ అనరు, కానీ జవాబు మాత్రం అప్పుడే కావాలి. హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకుల టెన్షన్. దీన్ని చూసి తల్లిదండ్రుల్ని తిట్టడం తేలిక. ఏటా మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగకు వెళ్తే ఆ తిట్టు నోటికి రాదు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, వీసా రొట్టె, ఆరోగ్యం రొట్టె. హిందువులూ ముస్లింలూ అన్న తేడా లేకుండా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వీటి కోసం చేతులు చాస్తారు. నచ్చిన పని దొరకాలన్న రొట్టె ఆ వరసలో పెద్దగా వినబడదు. వినబడకపోవడం తప్పు కాదు. ఉద్యోగం రొట్టె అందుకున్న అక్క ఉంటేనే చెల్లెలు సంగీతం నేర్చుకోగలదు. ఇంటికొకరు భద్రంగా కుదురుకుంటే ఇంకొకరికి ధైర్యం వస్తుంది. అలా కుదురుకున్నవాళ్లు తమ ఇష్టాన్ని చంపుకుని ఉంటారని మాత్రం ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు ఏ సభలోనూ శాలువా కప్పరు.

మోతను ఇంటిమీద నుంచి దించి పదిమంది మీద సర్దే ఏర్పాట్లు కూడా ఈ నేల మీదే పుట్టాయి. నెల్లూరులో సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరుతో ఉన్న ప్రజావైద్యశాల అలాంటిది. పేదవాళ్లకు వైద్యం చెయ్యాలన్న కోరిక చాలామంది కుర్ర డాక్టర్లలో ఉంటుంది. సొంతంగా నర్సింగ్ హోమ్ పెట్టి, బ్యాంకు అప్పు కడుతూ ఆ కోరికను నిలుపుకోవడం చాలా కష్టం. తక్కువ ఖర్చుతో వైద్యం చేసే సంస్థ ఒకటి ముందే ఉంటే, అందులో చేరిన డాక్టరు వీరుడు కానక్కర్లేదు. రోజూ డ్యూటీకి వస్తే చాలు. పల్లెల్లో పనిచేసేవాళ్లకు అక్కడ శిక్షణ ఇచ్చారు కాబట్టి ఆ పని ఊళ్లకూ పాకింది. పల్లిపాడు ఆశ్రమం, కస్తూరిదేవి విద్యాలయం, దూబగుంట రాత్రి బడి ఇవన్నీ ఈ కోవలోవే. త్యాగమూర్తుల కోసం ఎదురుచూడటం కన్నా ఇలాంటివి నాలుగు నిలబెట్టడం మేలు. మామూలు మనుషులు కూడా విన్నదాన్ని బతకగలుగుతారు.

పిలుపుకు ఇంకో ప్రమాదం ఉంది. విన్నవాళ్లను వాడుకోవడం తేలిక. స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ అనే పరిశోధకులు అమెరికాలో జంతు ప్రదర్శనశాలల్లో జంతువుల్ని చూసుకునేవాళ్ల మీద చేసిన అధ్యయనాన్ని 2009లో ప్రచురించారు. ఈ పని కోసమే పుట్టామని గట్టిగా నమ్మేవాళ్లు తక్కువ జీతానికి ఒప్పుకుంటారు, సొంత సుఖం వదులుకుంటారు. యాజమాన్యం తమ ఇష్టాన్ని అలుసుగా తీసుకుంటోందేమో అన్న అనుమానమూ వాళ్లకే ఎక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీన్ని అర్థం చేసుకోవడానికి జూ అక్కర్లేదు. ప్రైవేటు కాలేజీల్లో పాఠం చెప్పడమంటే ప్రాణం పెట్టే లెక్చరర్లను అడిగితే చాలు. వేసవి సెలవుల జీతం సంగతి ఎత్తితే విద్యాదానం గొప్పతనం గురించి ఉపన్యాసం వినాల్సి వస్తుంది.

అంగన్‌వాడీల విషయంలో ఇది ఇంకా బాహాటంగా జరిగింది. ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ బరువు తగ్గిందో, ఏ బాలింతకు రక్తం తక్కువగా ఉందో ముందు తెలిసేది వాళ్లకే. వాళ్లలో చాలామంది ఆ పిల్లల్ని తమ పిల్లలనే అంటారు. చట్టం లెక్కలో వాళ్లు ఉద్యోగులు కారు, ఇచ్చేది గౌరవ వేతనం. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా వాళ్లు సమ్మెకు దిగారు. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనాన్ని పెంచమని, గ్రాట్యుటీ అమలు చెయ్యమని అడిగారు. జనవరిలో ప్రభుత్వం వాళ్లమీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ. ఈ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి ఎలా అతుకుతాయో ఎవరూ చెప్పలేదు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్న వాళ్లలో ఈ పని మాకు ఇష్టం లేదని అన్నవాళ్లు లేరు. ఇష్టమే కదా, జీతం ఎందుకు అనే వాదనను ఒప్పుకోం అన్నారు. జనవరి చివర్లో చర్చలు జరిగి, కొన్ని హామీలు దొరికాక సమ్మె విరమించి కేంద్రాలు తెరిచారు. వేతనం పెంపు కోసం వాళ్ల సంఘాలు ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాయి.